నీళ్లను చూడటమే పనిగా ఒక మనిషి ఉండాలి

మార్చి వచ్చిందంటే నాకు ఉత్తరాలు పెరుగుతాయి. పిల్లలకు ఏ పూల్ మంచిది, ఎన్నేళ్లకు ఈతకు పంపాలి, ఫీజు ఎంత అని అడుగుతుంటారు. ఈసారి వచ్చినవాటిలో ఎక్కువ భాగం వేరే సంగతి అడిగాయి: పదిమంది కలిసి వాడుకునే పూల్ దగ్గర మన పిల్లలను చూసేది ఎవరు? హన్మకొండలో లేడీస్ బ్యాచ్‌కు, పిల్లలకు ఈత నేర్పుతున్నాను. అంతకుముందు మెడలో విజిల్ వేసుకుని గట్టు మీద లైఫ్‌గార్డుగా నిలబడ్డాను. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం ఈ విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. మా ఇంటికి దగ్గర్లోని ఒక ప్రైవేటు పూల్‌లో సమ్మర్ క్యాంపుకు చేర్పించాము. ఫీజు కట్టేటప్పుడు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ‘ఏం జరిగినా యాజమాన్యానికి బాధ్యత లేదు’ అని అందులో ఉంది. గోడ మీద బోర్డు కూడా అదే. నీళ్లలో పాతిక మంది పిల్లలు, ఒక్క కోచ్. లైఫ్‌గార్డు ఎవరు సార్ అంటే ‘నేనే కదా మేడం’ అన్నారు. ఇంకోసారి అడిగితే ‘భయమైతే తీస్కపోండి’ అన్నారు. నేను అతి చేస్తున్నానా? – ఒక తల్లి, హన్మకొండ

జవాబు: అతి కాదమ్మా. అందరు తల్లులూ అడగాల్సింది మీరు అడిగారు.

రేపు క్లాసు జరిగేటప్పుడు ఆ కోచ్ కళ్లు ఎక్కడున్నాయో గమనించండి. ఒక పాపకు కాళ్లు సరిగా ఆడటం లేదనుకోండి, పొట్ట కింద చెయ్యి పెట్టి ఎత్తి పట్టుకుంటాడు, మోకాలు వంచొద్దని చెప్తాడు. ఆ అర నిమిషం ఆయన చూపు, చెయ్యి, మాట అన్నీ ఆ పాప దగ్గరే ఉంటాయి. ఉండాలి కూడా, లేకపోతే ఈత రాదు. కానీ ఆ అర నిమిషం మిగతా ఇరవై నాలుగు మందిని చూసేవాళ్లు లేరు. కోచ్ ఎంత మంచివాడైనా ఇది మారదు. ఒకే మనిషి నేర్పుతూ కాపలా కాయలేడు. నా క్లాసులో గట్టు మీద ఇంకో మనిషి లేకపోతే పిల్లలను నీళ్లలోకి దించను. గట్టు మీదే బోర్లా పడుకోబెట్టి కాళ్లు ఆడించడం చేయిస్తాను.

అర నిమిషంలో ఏమవుతుందని కొందరు అంటారు. న్యూయార్క్‌లోని ఆర్చర్డ్ బీచ్‌లో లైఫ్‌గార్డుగా పనిచేసిన ఫ్రాంక్ పియా అనే ఆయన, మునిగిపోతున్నవాళ్లు ఎలా ప్రవర్తిస్తారో ఏళ్ల తరబడి గమనించి, కెమెరాతో తీసి మరీ చూపించాడు. నిజంగా మునుగుతున్న మనిషి కేక వేయలేడు. నోరు నీటి పైకి వచ్చిన ఆ కాసేపట్లో గాలి పీల్చుకోవడమే కష్టం, ఇక అరవడం ఎక్కడిది? చెయ్యి ఊపి పిలవలేడు కూడా, రెండు చేతులూ పక్కలకు చాచి నీటిని కిందికి అదుముతుంటాడు. ఒళ్లు నిలువుగా ఉంటుంది, కాళ్లు ఆడవు. పూర్తిగా మునిగిపోవడానికి 20 నుంచి 60 సెకన్లు చాలు. పక్కనే ఆడుకుంటున్న పిల్లలకు అది ఆటలాగానే కనిపిస్తుంది.

నేను గట్టు మీద వెతికే ఆనవాళ్లు కొన్ని చెప్తాను, మీరూ గుర్తుపెట్టుకోండి. తల వెనక్కి వాలి, నోరు నీటికి సమంగా ఉంటుంది. తడి జుట్టు కళ్ల మీద పడినా తోసుకోడు. గోడ వైపే మొహం పెట్టి ఉంటాడు కానీ గోడకు దగ్గర కాడు. పేరు పెట్టి పిలవండి. పలికితే బాగున్నట్టు. పలకకపోతే రెండోసారి పిలుస్తూ నిలబడకుండా కదలాలి.

ఇక ఆ కాగితం సంగతి. ఢిల్లీలో ఒక పెద్ద హోటల్లో, సిబ్బందికి తాళం చేతులు ఇచ్చి పార్క్ చేయించిన కారు పోయింది. ‘ఓనర్ రిస్కు మీద’ అని చీటీ మీద అచ్చేశాము కాబట్టి మాకు సంబంధం లేదని హోటల్ వాదించింది. సొంత నిర్లక్ష్యం ఉన్నప్పుడు అలాంటి చీటీ చూపించి తప్పించుకోలేరని 2019 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అది కారు సంగతి. పిల్లల సంగతి అంతకన్నా ముందే తేలింది. 1995లో పఠాన్‌కోట్ దగ్గరి ఒక స్కూలు పిల్లలను పిక్నిక్ పేరుతో బియాస్ నదికి తీసుకెళ్తే 14 మంది మునిగి చనిపోయారు. వెంట వెళ్లిన టీచర్లు పిల్లలను కనిపెట్టుకుని ఉండాల్సిందేనని, ఆ నిర్లక్ష్యానికి స్కూలు కూడా జవాబుదారీయేనని చెప్పి, ఒక్కో కుటుంబానికి 5 లక్షల పరిహారాన్ని 2001లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఫీజు తీసుకునే పూల్ 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తుంది. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. పాత శిక్షాస్మృతి ఐపీసీలో అది రెండేళ్లే.

మీరు కోర్టుకు పోవాలని ఇవన్నీ చెప్పడం లేదు. పోవాల్సిన రోజు ఏ తల్లికీ రావద్దనే చెప్తున్నాను. మరో నలుగురు తల్లిదండ్రులను కలుపుకుని వెళ్లి మేనేజర్ ఎదురుగా కూర్చోండి. మా పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపు గట్టు మీద నిలబడేది ఎవరు, ఆయన శిక్షణ సర్టిఫికెట్ ఏది, ఆయన టీ తాగడానికి పోతే ఆ చోట్లో ఎవరుంటారు, ఆ టైంలో ఆయనకు టికెట్ల పని, మోటార్ పని ఇంకేమైనా అప్పజెప్పారా అని అడగండి. జవాబు సరిగా రాకపోతే, లైఫ్‌గార్డును పెట్టేదాకా బాబును పంపకండి. ఫీజు వాపసు ఇవ్వమని కాగితం మీద రాసి, అందినట్టు సంతకం తీసుకోండి. మేనేజర్‌తో మాట్లాడేదాకా మీరు జాలీ బయట నిలబడితే ఫోన్ సంచిలో పెట్టేయండి.

ప్రశ్న: భీమారం వైపు మాది 80 ఫ్లాట్ల గేటెడ్ కమ్యూనిటీ. నేను అసోసియేషన్ కార్యదర్శిని. పూల్‌కు లైఫ్‌గార్డును పెట్టాలంటే నెలకు 18,000 అడుగుతున్నారు. జనరల్ బాడీలో సగం మంది వద్దన్నారు. ‘లోతు నాలుగున్నర అడుగులే’, ‘వాచ్‌మన్ ఉన్నాడు’, ‘సీసీ కెమెరా ఉంది’, ‘ఇది మన సొంత పూల్, పబ్లిక్ పూల్ కాదు’ అంటున్నారు. చట్టప్రకారం తప్పనిసరా? కాకపోతే వీళ్లను ఎట్లా ఒప్పించాలి? – అసోసియేషన్ కార్యదర్శి, హన్మకొండ జిల్లా

జవాబు: 18,000ను 80తో భాగిస్తే ఫ్లాటుకు 225 రూపాయలు వస్తుంది సార్. మీటింగులో మొదట ఈ లెక్క బోర్డు మీద రాయండి.

చట్టం సంగతి. దేశంలోని ఈత కొలనులన్నిటికీ వర్తించే ఒకే చట్టం మనకు లేదు. నీటి నాణ్యతకు భారతీయ ప్రమాణం ఐఎస్ 3328 ఉంది. మిగతాది ఎక్కడికక్కడ లైసెన్సు షరతుల్లో ఉంటుంది. ఢిల్లీలో అయితే పూల్‌కు లైసెన్సు పోలీసులు ఇచ్చేవాళ్లు, 2025 జూన్‌లో ఆ పని స్థానిక సంస్థలకు అప్పగించారు. మీ బిల్డర్ తీసుకున్న అనుమతిలో పూల్ గురించి ఏ షరతులు రాశారో గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్‌ను సమాచార హక్కు కింద అడగండి. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. అయితే ఒక మాట. సొంత పూల్ అన్నంత మాత్రాన పైన చెప్పిన నిర్లక్ష్యం సెక్షన్ వర్తించకుండా పోదు. పూల్ మెయింటెనెన్స్ పేరుతో డబ్బు వసూలు చేసి, తాళం తన దగ్గర పెట్టుకుని, టైమింగులు పెట్టేది అసోసియేషనే. ఏదైనా జరిగితే పోలీసులు మొదట పిలిచేది అధ్యక్షుణ్ని, మిమ్మల్ని.

నాలుగున్నర అడుగులే అన్నవాళ్లను ఒకటో తరగతి చదివే పాపను గోడ పక్కన నిలబెట్టి కొలవమనండి. ఆరేళ్ల పిల్లలు దాదాపు మూడు ముప్పావు అడుగులుంటారు. మీ పూల్ ఒక చివర మూడడుగులుండి, అక్కడి నుంచి నేల వాలుగా దిగుతుంటే ఇంకా జాగ్రత్త పడాలి. పిల్లలు అంచు కడ్డీ పట్టుకుని నడుచుకుంటూ పోతారు. ఒక అడుగు వేసేదాకా నీళ్లు గదవ దగ్గరే ఉంటాయి, తర్వాతి అడుగు వేస్తే ముక్కులోకి వస్తాయి. పాచి పట్టిన టైల్ అయితే కాలు ఆగదు, వెనక్కి రాలేరు. వాలు మొదలయ్యేచోట అడ్డంగా బెండ్ల తాడు కట్టించండి. గట్టు మీద, లోపలి గోడ మీద లోతు అంకెలు పెద్దగా వేయించండి.

వాచ్‌మన్ మంచివాడే కావచ్చు. గేటు తీయాలి, కొరియర్ తీసుకోవాలి, ట్యాంకు నిండితే మోటార్ బంద్ చేయాలి, ఎవరో కారు అడ్డం పెట్టారంటే పరుగెత్తాలి. ఇన్ని పనుల మధ్య పూల్ చూసుకొమ్మనడం ఆయనకు అన్యాయం. ఆయనకు ఈత వచ్చో రాదో కూడా మీలో చాలామందికి తెలియదు. కెమెరా జరిగినదాన్ని దాచిపెట్టి తర్వాత చూపిస్తుంది, అంతే.

రోజంతా లైఫ్‌గార్డును పెట్టే స్తోమత లేకపోతే రోజంతా పూల్ తెరవకండి. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు చాలు. ఆ నాలుగు గంటలూ శిక్షణ ఉన్న మనిషి గట్టు మీద ఉండాలి, మిగతా వేళల్లో తాళం పడాలి. ఆయన సెలవు పెడితే ఆ రోజు పూల్ బంద్. ఇందులో సడలింపు ఇవ్వొద్దు. ‘మా చుట్టాలొచ్చారు, ఒక్క గంట తీయండి’ అని కమిటీ మెంబరే అడుగుతాడు. అక్కడే గట్టిగా ఉండాలి మీరు.

తాళం అంటే చుట్టూ కంచె ఉన్నప్పుడే తాళం. నాలుగు పక్కలా నాలుగడుగులకు తగ్గకుండా, పిల్లలు కాలు పెట్టి ఎక్కడానికి అడ్డ కడ్డీలు లేకుండా, నిలువు కడ్డీలతో కట్టించండి. వదిలేస్తే తనంతట తనే మూసుకుని గడియ పడే గేటు పెట్టించండి. కంచె పక్కన ప్లాస్టిక్ కుర్చీలు, పూలకుండీలు ఉంచొద్దు. పిల్లలకు అవే మెట్లు.

ఇప్పుడు మీ ఉత్తరంలో లేని పిల్లల గురించి చెప్తాను. వాచ్‌మన్ కుటుంబం సెల్లార్‌లో ఒక గదిలో ఉంటుంది. ఆయన భార్య ఆరేడు ఇళ్లల్లో పనికి పోతుంది. ఫ్లాట్ల పిల్లలు బడికి, పెద్దలు ఆఫీసులకు పోయిన మధ్యాహ్నం వేళ ఆ కాంపౌండ్‌లో తిరిగేది వీళ్ల పిల్లలే. మీ పూల్‌లో దిగడానికి వాళ్లకు అనుమతి ఉండదు. ఆ నీళ్లకు అందరికన్నా దగ్గరగా బతికేది మాత్రం వాళ్లే. బంతి పడిందనో, చేతులు కడుక్కోవడానికో అంచుకు పోతారు. నేను కొన్ని అపార్ట్‌మెంట్లకు పూల్ చూడటానికి వెళ్లాను. ప్రతిచోటా కమిటీ వాళ్లు ఫిల్టర్ గది, షవర్లు, లైట్లు చూపించారు. మధ్యాహ్నం ఇక్కడ ఎవరుంటారు అని అడిగితే కాసేపు ఎవరూ మాట్లాడరు. 2021లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 3 లక్షల మంది మునిగి చనిపోయారని, అందులో నాలుగో వంతు దాకా ఐదేళ్లలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఈతకు దిగినవాళ్లే మునుగుతారని అనుకోకండి. నీళ్ల పక్కన ఆడుకుంటున్న పసిపిల్లలూ పడిపోతారు. మీ కంచె, మీ గడియ ముందుగా ఆ పిల్లల కోసం. వీలైతే ఇంకో తీర్మానం కూడా చేయండి: వారంలో రెండు పూటలు, లైఫ్‌గార్డు ఉన్న గంటలోనే, వాచ్‌మన్ పిల్లలకు, పనివాళ్ల పిల్లలకు ఉచితంగా ఈత నేర్పించాలని. నేర్పే మనిషి దొరకకపోతే నాకు రాయండి, నేనే వస్తాను.

రెండు సంగతులు ఎలక్ట్రీషియన్‌తో, ప్లంబర్‌తో చూపించండి. పూల్ మోటార్, లైట్ల లైనుకు 30 మిల్లీ ఆంపియర్లకు ట్రిప్ అయ్యే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) ఉండాలి. అడుగున నీళ్లు గుంజే డ్రెయిన్ మూత విరిగిపోయి ఉంటే, లేదా మూతే లేకపోతే, ఆ రోజే పూల్ మూసేయండి. ఆ గుంజుడు బలానికి పిల్లల జుట్టు గానీ ఒళ్లు గానీ అతుక్కుపోతే పెద్దలు లాగినా రావు. అమెరికాలో 2002లో వర్జీనియా గ్రేమ్ బేకర్ అనే ఏడేళ్ల పాప అట్లాగే చనిపోతే, ఆమె తల్లి పోరాటంతో 2007లో ఆ పాప పేరు మీదే డ్రెయిన్ మూతల చట్టం వచ్చింది. మోటార్ బంద్ చేసే స్విచ్ గట్టు నుంచి చేతికి అందేటంత దగ్గర్లో ఉండాలి, అది ఎక్కడుందో అందరికీ తెలియాలి.

వానాకాలంలో వాడటం లేదని సగం నీళ్లు వదిలేసి పైన టార్పాలిన్ కప్పకండి. దాని మీద కాలు పెట్టిన పిల్లవాడు పట్టాతో సహా లోపలికి పోతాడు, పైకి కనిపించడు కూడా.

ప్రశ్న: పూల్‌లో అరగంట ఉంటే మా పిల్లలకు కళ్లు మంటలు. క్లోరిన్ వాసన గుప్పుమంటోంది. ఎక్కువ వేస్తున్నారా? – కరీమాబాద్, వరంగల్

జవాబు: చాలాసార్లు తక్కువైనందుకే ఆ వాసన. చెమటతో, మూత్రంతో కలిసిన క్లోరిన్ క్లోరమైన్‌గా మారి కళ్లను మండిస్తుంది. అందరూ సబ్బుతో స్నానం చేసి దిగితే సగం తగ్గుతుంది. విడి క్లోరిన్ (ఇంకా మురికితో కలవనిది) 1 నుంచి 3 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు), పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం కొలత) 7.2 నుంచి 7.8 మధ్య ఉన్నదో లేదో రోజూ పరీక్షించి బోర్డు మీద రాయమనండి. దానికన్నా ముందు మీరు ఒకటి చూడండి: గట్టు మీద నిలబడితే బాగా లోతున్న చోట అడుగున డ్రెయిన్ మూత గీతలు స్పష్టంగా కనిపిస్తున్నాయా? కనిపించకపోతే ఆ నీళ్లలోకి ఎవరినీ దించొద్దు. అడుగున పడిపోయిన పిల్లవాడు లైఫ్‌గార్డుకు కూడా కనిపించడు.

ప్రశ్న: అక్కా, మాది హసన్‌పర్తి దిక్కు. చిన్నప్పటిసంది బాయిలల్ల, ఎస్సారెస్పీ కాలువల ఈత కొట్టుడే. డిగ్రీ అయిపోయింది, నౌకరీ లేదు. పూల్‌ల లైఫ్‌గార్డ్ పని అడిగితే ‘ఈత వచ్చు కదా, రేపట్నించి రా’ అన్నరు. పొద్దుగాల టికెట్లు కూడా నేనే ఇయ్యాలట. చేరాల్నా? – ఒక తమ్ముడు

జవాబు: తమ్ముడూ, చేరు. కానీ రేపే కాదు, ఆ షరతుతో అసలే కాదు.

బాయిలో ఈత నేర్చినవాళ్లకు దమ్ము ఉంటుంది, నీళ్లంటే భయం ఉండదు. నేనూ నడుముకు బెండ్లు కట్టుకుని మా ఊరి బాయిలోనే నేర్చుకున్నాను, ఆ బలం నాకు తెలుసు. కానీ తను ఈదడం వేరు, మునిగేవాణ్ని తేవడం వేరు. మునిగేవాడు దొరికినదాన్ని పట్టుకుంటాడు. నువ్వు దొరికితే నీ మెడ పట్టుకుని నీ మీదికి ఎక్కుతాడు. ఒకడు జారిపడితే కాపాడబోయి ఇద్దరు ముగ్గురు పోయారనే వార్త మన జిల్లాల్లో ప్రతి ఎండాకాలం చదువుతూనే ఉన్నాము. వాళ్లలో ఈత వచ్చినవాళ్లూ ఉంటారు. అందుకే శిక్షణలో మొదట నేర్పేది దూకకుండా కాపాడటం. గట్టు మీద బోర్లా పడుకుని పొడుగు గడ అందించాలి. గడ లేకపోతే తాడు కట్టిన ట్యూబు విసరాలి. బాయి దగ్గరైతే చాంతాడు, చున్నీ, మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాను, ఏది దొరికితే అది. అవేవీ పనిచేయనప్పుడే, చేతిలో తేలే వస్తువు పట్టుకుని దిగాలి.

రాష్ట్రీయ లైఫ్ సేవింగ్ సొసైటీ పూల్ లైఫ్‌గార్డు శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ ఇస్తుంది. గోవాలో కేంద్ర పర్యాటక శాఖకు చెందిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వాటర్ స్పోర్ట్స్‌లోనూ ఈ కోర్సులున్నాయి. మనిషిని తేవడం, మెడ ఎముక దెబ్బతిన్నవాణ్ని మెడ కదలకుండా నీళ్లలోంచి తీయడం, సీపీఆర్ (ఊపిరి ఆగినవాళ్లకు గాలి ఊది ఛాతీ నొక్కడం) అక్కడ నేర్పుతారు. ఒకసారి నేర్చుకుని వదిలేయకు, చెయ్యి అలవాటు తప్పుతుంది. పూల్ వాళ్లను నెలకోసారి రిహార్సల్ పెట్టమను.

ఇక అసలు పని చూడటం. 10/20 అని ఒక సూత్రం ఉంది. నీ వంతు నీళ్లను ఈ చివర నుంచి ఆ చివరకు 10 సెకన్లలో కళ్లతో తుడిచెయ్యాలి, ఆపదలో ఉన్నవాణ్ని 20 సెకన్లలో చేరాలి. నీ వంతు ఎంత ఉండాలో ఈ లెక్కే చెప్తుంది. ఎల్ ఆకారం పూల్‌లో మూల అవతల కనిపించదు కాబట్టి అక్కడ ఇంకో మనిషి కావాల్సిందే. నేనైతే ముందు పూల్ అడుగుభాగం చూస్తాను, తర్వాత నీటి మధ్య, చివరికి పైన తలలు. పైన అల్లరి చేసేవాళ్లు ఎలాగూ కళ్లబడతారు.

ఇంకొకటి, ఎవరూ చెప్పరు. ఏప్రిల్‌లో సాయంత్రం ఐదుకు సూర్యుడు పడమట వాలాక నువ్వు తూర్పు గట్టున కూర్చుంటే నీకు నీళ్లు కనిపించవు, మెరుపు ఒక్కటే కనిపిస్తుంది. సగం పూల్ అద్దంలా తయారవుతుంది. కుర్చీ పడమటి గట్టుకు మార్చు, ఎండ వీపున పడాలి. పొద్దున బ్యాచ్‌కు దీనికి రివర్స్. కుర్చీ కదలకుండా సిమెంటులో పాతేసి ఉంటే కుర్చీ వదిలెయ్, నిలబడు.

గంటకు మించి ఒకే చోట కూర్చుని చూడలేం, కళ్లు తెరిచే ఉంటాయి గానీ మనసుకు ఎక్కదు. మార్చుకోవడానికి రెండో మనిషి ఉండాలని ముందే మాట్లాడుకో. టికెట్ల కౌంటర్ నీ పని కాదు. ‘అదీ ఇదీ రెండూ’ అంటే ఒప్పుకోకు. ఏదైనా జరిగిన రోజు నిన్నే ముందుకు తోస్తారు.

నీ ఈడు పిల్లలు నీళ్ల అడుగున ఎవరు ఎక్కువసేపు ఉంటారని పందెం కాస్తారు. దిగేముందు గబగబా ఊపిరి పీల్చి వదులుతారు. అట్లా చేస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, గాలి కావాలన్న తహతహే పుట్టదు. కింద చప్పుడు లేకుండా స్పృహ తప్పుతుంది. బాగా ఈత వచ్చినవాళ్లే ఇట్లా పోతారు. ఆ పందెం కనిపిస్తే విజిల్ వేసి బయటికి పంపు. వాళ్లు పెద్దింటి పిల్లలైనా సరే, మేనేజర్ కొడుకైనా సరే.

ప్రశ్న: ఫామ్‌హౌస్‌లో పుట్టినరోజు ఫంక్షన్‌లో మా మరిది కొడుకు (15) మునిగాడు. తీసేసరికి సోయి లేదు. ఒకాయన బోర్లా వేసి పొట్ట నొక్కాడు, ఇంకొకాయన కాళ్లు పట్టి తలకిందులు చేశాడు. దేవుడి దయ, దగ్గి లేచాడు. బాగానే ఉన్నాడని ఆసుపత్రికి తీసుకుపోలేదు. మేము చేసింది సరేనా? – కరీంనగర్

జవాబు: పిల్లవాడు బతికినందుకు సంతోషం. కానీ ఇంకోసారి ఎవరికీ అట్లా చేయొద్దు. పొట్ట నొక్కితే తిన్నది పైకి వచ్చి ఊపిరి గొట్టంలో పడుతుంది. తలకిందులు చేస్తే విలువైన నిమిషం పోతుంది. మునిగినవాళ్లకు కావాల్సింది గాలి. పిలిస్తే పలకక, మామూలుగా ఊపిరి తీసుకోకపోతే ఒకరు 108కు ఫోన్ చేయాలి. ఇంకొకరు వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, గదవ పైకెత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఛాతీ లేచేలా రెండుసార్లు ఊదాలి. తర్వాత ఛాతీ నడుమ రెండు చేతులతో 5 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో 30 నొక్కులు నొక్కాలి. మళ్లీ రెండుసార్లు ఊదాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు. వాంతి వస్తే పక్కకు తిప్పి నోరు తుడిచి కొనసాగించండి. నోట్లో ఊదడం చేతకాకపోతే నొక్కడమైనా చేయండి.

సోయి తప్పి లేచినవాణ్ని ఆ రోజే ఆసుపత్రిలో చూపించాలి. ఊపిరితిత్తుల్లోకి పోయిన నీళ్ల ప్రభావం కొన్ని గంటల తర్వాత దగ్గు, ఆయాసం, మత్తుగా ఉండటంతో బయటపడొచ్చు. ఇప్పటికీ దగ్గు గానీ ఆయాసం గానీ ఉంటే ఆలస్యం చేయకండి.

ఫామ్‌హౌస్ అద్దెకు తీసుకునేటప్పుడు భోజనాలు, డీజే మాట్లాడుకుంటారు. పూల్ దగ్గర మనిషిని పెడతారా అనీ అడగండి. పెట్టకపోతే మీలోనే ఈత వచ్చిన, మందు ముట్టని ఒకరిని అరగంట చొప్పున వంతులు వేసుకుని నిలబెట్టండి. రాత్రి భోజనాలయ్యాక పూల్‌లోకి ఎవరినీ దిగనివ్వొద్దు.

ప్రశ్న: మా పాపకు పన్నెండేళ్లు, ఫిట్స్ ఉన్నాయి, మందులు వాడుతోంది. ఈత నేర్చుకుంటానని ఏడుస్తోంది. పంపొచ్చా? – మంచిర్యాల

జవాబు: ముందు న్యూరాలజిస్టును అడగండి. ఫిట్స్ మందులతో అదుపులో ఉంటే, డాక్టర్ సరేనంటే పంపండి. ఆ పాపకు మాత్రం లైఫ్‌గార్డు ఒక్కడే సరిపోడు. ఫిట్ వస్తే ఏం చేయాలో తెలిసిన మనిషి చెయ్యి చాస్తే అందేంత దూరంలో నీళ్లలోనే ఉండాలి. కోచ్‌కూ లైఫ్‌గార్డుకూ ఇద్దరికీ ముందే చెప్పండి. చేర్చుకోరేమోనని దాచిపెట్టే తల్లిదండ్రులను చూశాను, అది వద్దు. మందు తప్పిన రోజు, జ్వరం ఉన్న రోజు, రాత్రి నిద్ర లేని రోజు మానిపించండి. రంగు వేరుగా, దూరం నుంచి గుర్తుపట్టేలా క్యాప్ పెట్టండి. నీలం మాత్రం వద్దు, నీళ్లలో కలిసిపోతుంది. నారింజ గానీ నిండు పసుపు గానీ కొనండి.